పాము ట్యాంక్‌లో కొమ్మలు: బరువు గాజు మీద కాదు, నేల మీద పడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడాదిన్నర వయసున్న కార్న్ స్నేక్. ట్యాంక్ గాజుది, 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు, పైన జాలీ మూత. ఎక్కడానికని ఒక కొమ్మను సక్షన్ కప్పులతో గాజుకు బిగిస్తే, రాత్రి ఊడి కింద పడింది. పాముకు ఏమీ కాలేదు కానీ మీకు టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు సిలికాన్‌తో గాజుకే శాశ్వతంగా అంటించేద్దామా, ఏ కర్ర మంచిది, ఎంత మందం ఉండాలి, అసలు కార్న్ స్నేక్‌కి కొమ్మలు అవసరమా అని అడిగారు.

ముందు ఆఖరి ప్రశ్న తేల్చేద్దాం. అవసరమే. కార్న్ స్నేక్ పూర్తిగా చెట్ల మీద బతికే పాము కాదు, నేల మీదా బొరియల్లోనూ చాలా సమయం గడుపుతుంది. కానీ అది ర్యాట్ స్నేక్‌ల కుటుంబానికి చెందింది, ఈ పాములు చెట్లెక్కడంలో దిట్టలు. ఈసారి మీ పాము గాజుకు ఆనుకుని ఉన్నప్పుడు పొట్ట వైపు గమనించండి. ఒళ్లు పూర్తి గుండ్రంగా ఉండదు, పొట్ట కింద చదునుగా, రెండు పక్కలా అంచు తేలి, అడ్డంగా చూస్తే బ్రెడ్ ముక్క ఆకారంలో ఉంటుంది. ఆ అంచులే బెరడు గరుకులో పట్టు దొరికించుకుంటాయి. ఇంత అమరిక ఉన్న జంతువును చదునైన నేల మీదే ఉంచితే దాని కండరాలకు సగం పని లేకుండా పోతుంది. పెంపుడు కార్న్ స్నేక్‌లు ఒళ్లు పెంచేసుకోవడానికి తిండి ఒక కారణమైతే, కదలడానికి చోటు లేకపోవడం రెండోది. మీ ట్యాంక్ 60 సెంటీమీటర్ల ఎత్తుంది. కొమ్మలు లేకపోతే అందులో పైసగం వృథా.

ఇక అసలు విషయం. సిలికాన్‌తో గాజుకు అంటించొద్దు. కొమ్మలు పెట్టేటప్పుడు నేను చూసేది రెండే: పాము ఎంత లాగినా కొమ్మ కదలకూడదు, మీరు కావాలనుకుంటే మాత్రం ఐదు నిమిషాల్లో బయటికి రావాలి. గాజుకు అంటించిన కొమ్మలో ఈ రెండోది ఉండదు, మొదటిది కూడా మీరనుకున్నంత ఉండదు.

సక్షన్ కప్పు ఎందుకు ఊడిందో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 60 సెంటీమీటర్ల కొమ్మ ఒక చివర మాత్రమే గాజుకు పట్టి ఉంది, రెండో చివర గాల్లో ఉంది అనుకోండి. గాల్లో ఉన్న చివరికి అరకిలో పాము చేరింది. గాజు దగ్గర కప్పు వ్యాసం 5 సెంటీమీటర్లు ఉంటే, ఆ కప్పు పై అంచును గాజు నుంచి ఊడలాగే బలం అరకిలో కాదు, దాదాపు 6 కిలోలు. పొడవైన గునపంతో బండను లేపేటప్పుడు పనిచేసే సూత్రమే ఇది. దానికి తోడు ట్యాంక్‌లో వేడి, తేమ, రోజూ పగలు రాత్రి మధ్య మారే ఉష్ణోగ్రత. కప్పు రబ్బరు మెత్తబడి, లోపలికి గాలి చేరుతుంది. పైగా పాము ఊరికే కూర్చోదు. సగం ఒళ్లు కొమ్మకు చుట్టి, మిగతా సగం పక్కకు చాచి గాజు మూల దాకా వెతుకుతుంది. అంటే బరువు కిందికే కాదు, మెలితిప్పినట్టు పక్కలకూ పడుతుంది. కప్పులు కృత్రిమ ఆకులు వేలాడదీయడానికి పనికొస్తాయి, బరువు మోయడానికి కాదు.

సిలికాన్ సంగతి వేరు. గాజుకు అది బ్రహ్మాండంగా అతుక్కుంటుంది. అక్వేరియంల గాజు పలకలు కలిపేదే దానితో. కానీ రెండో వైపున్నది బెరడు. కొమ్మ ఎండేకొద్దీ బెరడు కర్ర నుంచి విడిపోతుంది. అప్పుడు సిలికాన్ గాజునీ, బెరడునీ గట్టిగా పట్టుకునే ఉంటుంది, కొమ్మ మాత్రం బెరడు లోంచి జారి కింద పడుతుంది. అంటించే చోట బెరడు చెక్కేసి, కర్రను గరుకు చేసి అంటిస్తే నిలుస్తుంది నిజమే. అప్పుడు ఇంకో సమస్య. పాము మలంతో పాటు తెల్లటి సుద్దలాంటి యూరేట్లు వదులుతుంది, అవి బెరడు సందుల్లో ఎండి రాయిలా గట్టిపడతాయి. ట్యాంక్ లోపల చెయ్యి పెట్టి వాటిని గీకడం విసుగు పుట్టించే పని. అంతకంటే పెద్ద సమస్య మైట్స్. పాములకు పట్టే ఓఫియోనిసస్ నాట్రిసిస్ అనే పేలు సూదిమొన కంటే చిన్నగా, కదిలే నల్ల చుక్కల్లా ఉంటాయి. సందుల్లో గుడ్లు పెడతాయి. అవి వస్తే కొమ్మలన్నీ బయటికి తీసి పారేయాలి లేదా వేడి చేయాలి. గాజుకు అంటించి ఉంటే బ్లేడు పట్టుకుని కూర్చోవాల్సిందే.

కాబట్టి నా సలహా: గాజు గోడల మీద ఏ బరువూ పడకుండా, ట్యాంక్ లోపల తన కాళ్ల మీద తాను నిలబడే ఒక స్టాండ్ తయారు చేయండి. వినడానికి పెద్ద వడ్రంగి పనిలా ఉంది కానీ డ్రిల్, రంపం ఉంటే ఒక పూటలో అయిపోతుంది.

అడుగుకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క చాలు. సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. తేమకు ఉబ్బకుండా దానికి నీటితో కలిసే పాలియురిథేన్ వార్నిష్ రెండు మూడు పూతలు వేసి, అంచులకు ముఖ్యంగా వేసి, వాసన పూర్తిగా పోయేదాకా బయటే ఆరబెట్టండి. మొదటి కొమ్మ అడుగును రంపంతో చదునుగా కోసి ఈ పలక మీద నిలబెట్టి, పలక కింద నుంచి స్క్రూలు బిగించాలి. ఇక్కడ జాగ్రత్త: ఒక్క స్క్రూ వేస్తే కొమ్మ దాని చుట్టూ తిరుగుతుంది, పాము తిప్పి తిప్పి వదులు చేస్తుంది. కనీసం రెండు ఉండాలి. ముందుగా సన్నటి బిట్‌తో రంధ్రం చేసుకోండి, లేకపోతే ఎండు కర్ర నిలువునా చీలుతుంది. స్క్రూ తలలు పలకలోకి పూర్తిగా దిగిపోవాలి, బయటికి పొడుచుకుని ఉంటే అవి నేరుగా అడుగు గాజు మీద కూర్చుంటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడండి, మామూలువి తేమకు తుప్పు పడతాయి.

పలకను గాజు అడుగు మీద నేరుగా పెట్టకుండా మధ్యలో పల్చటి రబ్బరు షీటో కార్క్ షీటో వేయండి. దాని మీద పలక, పలక మీద సబ్‌స్ట్రేట్, అంటే అడుగున పరిచే పొట్టు. ఈ వరుస మార్చకండి. చాలామంది ముందు పొట్టు, కొబ్బరి పీచు పరిచేసి పైన కొమ్మలు, రాళ్లు పెడతారు. కార్న్ స్నేక్ సొరంగాలు చేసుకునే పాము. కింద తవ్వుకుంటూ పోతే పైన ఉన్నది దాని మీదే కూలుతుంది. బరువున్న ప్రతి వస్తువూ గాజు అడుగు మీద ఆని ఉండాలి, పొట్టు దాని చుట్టూ నింపాలి. అలా 7, 8 సెంటీమీటర్లు నింపితే ఆ బరువుకే పలక కదలకుండా ఉంటుంది.

నిలువు కొమ్మ ఒకటి దొరికాక, దానికి రెండోది ఏటవాలుగా, మూడోది దాదాపు అడ్డంగా కలపండి. కలిసే చోట రెండింటినీ ఉలితో కాస్త చదును చేసి ఒకదానిలో ఒకటి కూర్చునేలా చేస్తే స్క్రూ మీద భారం తగ్గుతుంది. ప్లాస్టిక్ జిప్ టైలు కూడా వాడొచ్చు, కానీ మిగిలిన తోకను కటింగ్ ప్లేయర్‌తో మొదలంటా కోయాలి. ఏటవాలుగా కోసిన జిప్ టై చివర బ్లేడంత పదునుగా ఉంటుంది, మీ వేలితో రుద్ది చూస్తే తెలుస్తుంది. నార తాడు తేమ ట్యాంక్‌లో బూజు పడుతుంది, తొందరగా కుళ్లుతుంది. కార్న్ స్నేక్ ట్యాంక్ అంత తేమగా ఉండదు కనుక నడుస్తుంది, అయినా నెలకోసారి చూసుకోవాలి. సన్నటి ఇనప తీగ వద్దు. సెలోటేప్, మాస్కింగ్ టేప్, ఇన్సులేషన్ టేప్, ఏ టేపూ ట్యాంక్ లోపలికి రాకూడదు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. టేపు ఒక మూల లేచిందంటే పాము దానికి అతుక్కుంటుంది, విడిపించుకోవాలని మెలికలు తిరుగుతూ ఒళ్లంతా చుట్టుకుంటుంది, లాగితే పొలుసులు చర్మంతో సహా ఊడతాయి. ఎప్పుడైనా అలా జరిగితే లాగకండి. వంటనూనె రాసి, జిగురు కరిగేదాకా ఓపిక పట్టి, మెల్లగా వేరు చేయాలి.

అన్నట్టు, స్టాండ్ మొత్తం బయటే కట్టేసి తర్వాత తలుపులోంచి పట్టక తల పట్టుకోవడం చాలా మందికి ఎదురయ్యేదే. ముందు మీ తలుపు లేదా మూత తెరిచిన కంత కొలవండి. పొడవైన కొమ్మను స్క్రూతో కాకుండా బోల్టు, వింగ్ నట్‌తో కలిపితే లోపలికి పెట్టాక చేత్తోనే బిగించుకోవచ్చు, శుభ్రం చేసేటప్పుడు చేత్తోనే విప్పుకోవచ్చు.

స్టాండ్ వద్దు, ఊరికే మూల నుంచి మూలకు వాల్చేస్తాను అంటే, అదీ చేయొచ్చు. కానీ కొమ్మ కింది చివర అడుగు గాజు మీద రబ్బరు మీదే ఆనాలి, పై చివర రెండు గాజు గోడలు కలిసే మూలలో కూర్చోవాలి. మూల రెండు వైపులా జారకుండా ఆపుతుంది, చదునైన గోడ ఆపలేదు. రెండు చివర్లకూ కుర్చీ కాళ్లకు వేసే రబ్బరు బూట్లు తొడగండి. బిగుతుగా ఉండాలని కొమ్మను సుత్తితో కొట్టి దిగ్గొట్టడం మాత్రం చేయొద్దు. టెంపర్డ్ గాజు పరచుకున్న బరువును బాగానే మోస్తుంది, కానీ ఒక గట్టి మొన ఒక్క చోట, ముఖ్యంగా అంచు దగ్గర నొక్కితే మొత్తం ఒకేసారి పొడిపొడి అవుతుంది. మామూలు గాజైతే పగులు బారుతుంది. కొమ్మ పై చివర గాజును తోయకూడదు, గాజుకు ఊరికే ఆనుకోవాలి.

కర్ర గురించి. పచ్చి కొమ్మ కోసి వెంటనే వాడకండి. కర్ర ఎండేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు కానీ మందంలో కుంచించుకుపోతుంది. ఈ రోజు గట్టిగా బిగించిన స్క్రూ, రెండు నెలలకు వదులైపోతుంది. వంకర కూడా తిరుగుతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల మందం కొమ్మ నీడలో గాలి తగిలేలా కొన్ని నెలలైనా ఎండాలి. తట్టి చూస్తే మొద్దుగా కాకుండా ఖణేల్ మనాలి, చేతికి తేలిగ్గా అనిపించాలి, కోసిన చోట చల్లగా తగలకూడదు.

జామ, ఆపిల్, ఓక్ లాంటి గట్టి కర్రలు మంచివి. జామకు పంగలు బాగుంటాయి, బెరడు నున్నగా ఉన్నా కర్ర గట్టిది, ఏళ్ల తరబడి వస్తుంది. దేవదారు జాతి, సీడర్, పైన్ లాంటి సూదాకుల చెట్లు వద్దు. వాటి ఘాటైన నూనెలు వేడికి ఆవిరై మూసి ఉన్న గాజు ట్యాంక్‌లో నిలిచిపోతాయి, పాముల ఊపిరితిత్తులకు మంచిది కాదు. బంక పొలుసులకు అంటుకుంటుంది. గన్నేరు ఏ రూపంలోనూ దగ్గరికి రానీయొద్దు, చెట్టంతా గుండె మీద పనిచేసే విషమే. తుంచితే పాలు కారే చెట్లు కూడా వదిలేయండి. పేరు తెలియని చెట్టు కొమ్మ ఎంత అందంగా ఉన్నా వద్దు. పురుగుమందు కొట్టే తోటలు, వాహనాల పొగ పట్టే రోడ్ల పక్క చెట్లు కూడా అంతే. సముద్రపు ఒడ్డున దొరికిన కొయ్య అయితే ఉప్పు పోయేదాకా నీళ్లు మారుస్తూ రోజుల తరబడి నానబెట్టాలి. కార్క్ బెరడు గొట్టాలు దొరికితే ఒకటి తీసుకోండి. తేలిక, బూజు పట్టదు, గరుకు సరిపోతుంది, పైగా అదే దాక్కునే చోటవుతుంది.

మందం విషయంలో ఒక లెక్క చాలు: పాము నడుము ఎంత లావుందో ప్రధాన కొమ్మ కనీసం అంత ఉండాలి, కొంచెం ఎక్కువైతే ఇంకా మంచిది. కార్న్ స్నేక్ పెద్దయ్యాక సాధారణంగా 90 నుంచి 150 సెంటీమీటర్ల పొడవుకు చేరుతుంది. కాబట్టి ఇప్పుడే 3, 4 సెంటీమీటర్ల మందం కొమ్మ పెట్టుకుంటే మళ్లీ మార్చే పని ఉండదు. దానికి తోడు వేలి మందం ఉండే సన్న రెమ్మలు ఒకటి రెండు కలపండి. అవి పాము ఎక్కితే కాస్త ఊగుతాయి, ఊగాలి కూడా. అడవిలో ఏ కొమ్మా రాయిలా ఉండదు, ఆ ఊపును సరిచూసుకుంటూ సాగడమే పాముకు మంచి కసరత్తు. ప్రధాన కొమ్మ మాత్రం కదలకూడదు. అన్నీ ఒకే లావు, ఒకే నునుపు ఉంటే పాము ఒళ్లు ఎప్పుడూ ఒకే రీతిలో ఒత్తుకుంటుంది.

కొమ్మ ఎంపిక చేశాక ఒక పాత నైలాన్ మేజోడును చేతికి తొడుక్కుని కొమ్మ పొడవునా అటూ ఇటూ నిమరండి. మేజోడు పోగు ఎక్కడ చిక్కుకుంటుందో అక్కడ పాము పొలుసు కూడా చిక్కుకుంటుంది. ముఖ్యంగా కుబుసం విడిచిన కొత్తలో చర్మం లేతగా ఉంటుంది. ఆ చోట్లను సాండ్ పేపర్‌తో రుద్దండి. పూర్తిగా నున్నగా చేయొద్దు, బెరడు గరుకే దానికి పట్టు, కుబుసం ఊడదీసుకోవడానికి ఆసరా కూడా. రెమ్మలు కోసేసిన మోడుల దగ్గర మాత్రం మొన లేకుండా గుండ్రంగా చేయాలి. పాము జారితే ముందు గుచ్చుకునేవి అవే.

పంగలు, తొర్రలు చూసుకోవాలి. రెండు కొమ్మలు కలిసే చోట సన్నటి వి ఆకారం ఉంటే, పాము పైనుంచి దిగేటప్పుడు ఒళ్లు అందులోకి జారి ఇరుక్కుంటుంది. పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి కనుక ముందుకు వెళ్లినంత తేలిగ్గా వెనక్కి రాలేదు. తొర్రలకూ ఇదే వర్తిస్తుంది. తల కూడా పట్టనంత చిన్నదైనా ఉండాలి, కడుపునిండా తిన్న పాము తేలిగ్గా దూరి వచ్చేంత పెద్దదైనా ఉండాలి. మధ్యరకం ప్రమాదం. తల దూరుతుంది, ఎలుకను మింగిన పొట్ట దూరదు. అలాంటి కంతను చెక్క ముక్కతో మూసేయండి లేదా రంపంతో పెద్దది చేయండి.

శుభ్రం చేయడానికి: వదులు బెరడు గీకేసి, గట్టి బ్రష్‌తో వేడినీళ్లలో రుద్దండి. సబ్బు వద్దు, కర్ర పీల్చుకుంటుంది. తర్వాత బ్లీచ్ 1 వంతుకు నీళ్లు 10 వంతులు కలిపి అరగంట నానబెట్టి, మంచినీళ్లలో రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ మళ్లీ నానబెట్టి, బ్లీచ్ వాసన బొత్తిగా పోయేదాకా ఎండలో ఆరబెట్టండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ ఇంకే క్లీనర్ గానీ కలపకండి, విషవాయువు వస్తుంది. ఓవెన్‌లో పట్టే ముక్కలైతే బ్లీచ్ అక్కర్లేదు, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచితే లోపలి పురుగులు, గుడ్లు చస్తాయి. ఆ గంటా అక్కడే ఉండండి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, కర్ర లోపలినుంచి మాడి అంటుకోగలదు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది, ఎక్కువ మంది మరిచిపోయేది: వేడి. నేల మీద 30 డిగ్రీలు చూసి బల్బు సరిగ్గా ఉందనుకుంటారు. కొమ్మ పెట్టగానే పాము ఆ బల్బుకు ఒక అడుగు దగ్గరవుతుంది, అక్కడ 40 దాటి ఉండొచ్చు. పాములు కాలుతున్నా చటుక్కున వెనక్కి తగ్గవు, వెచ్చదనం దొరికిందని అక్కడే ఉండిపోయి వీపు కాల్చుకుంటాయి. బల్బు ట్యాంక్ లోపల ఉంటే దానికి జాలీ గార్డ్ తప్పనిసరి. పాము దూరలేనంత సన్నటి కళ్లుండాలి, ఎందుకంటే వెచ్చటి గార్డ్‌కు చుట్టుకోవడం వాటికి ఇష్టం. మీ బల్బు జాలీ మూత పైన ఉందన్నారు. అయినా జాలీ కూడా వేడెక్కుతుంది, కొమ్మ చివరి నుంచి పాము దాన్ని తాకగలదు.

మీ ట్యాంక్‌కు లెక్క వేస్తే, 60 సెంటీమీటర్ల ఎత్తులో పొట్టు 8 పోగా 52 మిగిలింది. వెచ్చని వైపు మూతకీ కొమ్మకీ మధ్య కనీసం 25 వదిలితే, అక్కడ కొమ్మ పొట్టు మీద నుంచి 27 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు. ఇది మొదలుపెట్టడానికి అంకె మాత్రమే. చివరి మాట థర్మామీటర్‌ది. కొమ్మ మీద పాము వీపు ఉండే చోట కొలవండి, బల్బు వేసి గంట రెండు గంటలయ్యాక కొలవండి. కార్న్ స్నేక్‌కు వెచ్చటి చోట 30, 32 డిగ్రీలు, చల్లటి వైపు 22 నుంచి 24 ఉంటే సరిపోతుంది. కొమ్మ మీద ఎక్కువ వస్తే కొమ్మ దించండి లేదా బల్బు వాటేజ్ తగ్గించండి. థర్మోస్టాట్ (వేడిని బట్టి బల్బును తగ్గించే, పెంచే పరికరం) ప్రోబ్‌ను, అంటే వేడి కొలిచే దాని తీగ మొనను, ఊరికే వేలాడదీస్తే పాము దాన్ని తోసేస్తుంది, ప్రోబ్ చల్లటి చోట పడితే థర్మోస్టాట్ బల్బును పూర్తి మీద నడిపిస్తుంది. స్క్రూతో బిగించే చిన్న కేబుల్ క్లిప్‌తో దాన్ని కొమ్మకే పట్టించండి. చల్లటి వైపు కొమ్మ ఇంకా పైకి వెళ్లొచ్చు. నిజానికి వెళ్లాలి, ఎత్తూ చల్లదనమూ రెండూ ఒకేసారి కావాలనిపించే రోజులు దానికీ ఉంటాయి.

కొమ్మ వేశాక మూత సంగతి మళ్లీ చూసుకోండి. ఇంతకాలం మూతను అందుకోవడానికి పాము గాజు మూలల వెంట సాగి నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు కాలు మోపడానికి మెట్టు దొరికినట్టే. కొమ్మను గట్టిగా పట్టుకుని తలతో మూతను ఎత్తగలదు. క్లిప్పులు నాలుగు వైపులా ఉండాలి. వైర్లు లోపలికి వెళ్లే కంత ఎంత ఉందో కొలవండి. తల పట్టే కంతలోంచి కార్న్ స్నేక్ మొత్తం బయటికొస్తుంది.

పడిపోవడం గురించి మరీ భయపడకండి. ఆరోగ్యంగా ఉన్న కార్న్ స్నేక్ అరుదుగా జారుతుంది, ఈ ఎత్తు నుంచి మెత్తటి పొట్టు మీద పడితే ఏమీ కాదు. కానీ కొమ్మ సరిగ్గా కింద రాయి, కుండ పెంకు, నీళ్ల గిన్నె అంచు ఉండకూడదు. నీళ్ల గిన్నె అక్కడ ఉండకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొమ్మ మీద కూర్చున్న పాము మలం నేరుగా కిందికే పడుతుంది.

పామును పెట్టే ముందు చేత్తో పరీక్ష చేయండి. ప్రతి కొమ్మ చివరా అరచేత్తో కిందికి నొక్కండి, పాము బరువుకు మూడింతలన్నా పడాలి. తర్వాత పక్కలకు లాగండి, ఆ తర్వాత మణికట్టుతో మెలితిప్పండి. నొక్కినప్పుడు ఆగిన కొమ్మ మెలితిప్పినప్పుడు తిరిగితే అది ఆగినట్టు కాదు. ఎక్కడ కిర్రుమంటుందో అక్కడ స్క్రూ చూడండి.

ఇంత చేసినా పాము కొమ్మ వైపు చూడకపోతే నిరాశ పడొద్దు. మొదటి కొన్ని రోజులు కొత్త వాసనలకు దాక్కునే ఉంటుంది. ఎత్తి కొమ్మ మీద పెట్టకండి, తనే రావాలి. కొమ్మ ఎక్కకపోవడానికి మామూలుగా కనిపించే కారణం మరుగు లేకపోవడమే. నాలుగు వైపులా గాజు, నడిమధ్యలో బోడి కొమ్మ. గద్దకు కనిపించేలా కూర్చోవడం ఏ పాముకూ ఇష్టం ఉండదు. వెనక, పక్క గాజులకు బయటి నుంచి ముదురు రంగు కాగితం వేయండి, కొమ్మ పంగల దగ్గర గుబురుగా ప్లాస్టిక్ ఆకులు చుట్టండి, పైన ఒక కార్క్ గొట్టం పెట్టండి. తేడా తెలుస్తుంది. సాధారణంగా సాయంత్రం లైట్లు ఆరాక, తెల్లవారుజామున తిరుగుతుంది. పొద్దున లేచాక ఆకులు పక్కకు ఒరిగి ఉన్నా, బెరడు పొడి రాలి ఉన్నా రాత్రి ఎక్కిందని అర్థం. తిన్న తర్వాత రెండు రోజులు, కళ్లు నీలంగా మసకబారి కుబుసానికి సిద్ధమవుతున్న రోజుల్లో కొమ్మలు మార్చే పని పెట్టుకోకండి.

కొత్త కర్ర మీద తెల్లటి బూజు నూగులా వస్తే కంగారు వద్దు, మొదటి వారాల్లో అది మామూలే. కొమ్మ తీసి వేడినీళ్లతో రుద్ది ఎండబెట్టి మళ్లీ పెట్టండి. పదే పదే వస్తుంటే ట్యాంక్‌లో గాలి ఆడటం లేదని, లేదా కొమ్మ ఇంకా పచ్చిగా ఉందని లెక్క.

మీ స్నేహితుడి బాల్ పైథాన్‌కు కూడా కొమ్మ పెట్టొచ్చా అని చివర్లో అడిగారు. పెట్టొచ్చు. అది నేల పామని, ఎక్కదని చాలామంది తీర్మానించేస్తారు, కానీ నైజీరియా అడవుల్లో వీటిని గమనించిన పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో మగ పాములు ఆడవాటి కంటే ఎక్కువగా చెట్ల మీద కనిపించాయని, పక్షులను ఎక్కువగా తిన్నాయని రాశారు. తేడా ఏమిటంటే బాల్ పైథాన్ బరువైనది, కార్న్ స్నేక్ అంత చురుగ్గా పట్టు దొరికించుకోలేదు. దానికి కొమ్మ కాదు, దుంగ కావాలి: నడుము కంటే లావుగా, ఎక్కువ వాలు లేకుండా, పొట్టు నుంచి 30, 40 సెంటీమీటర్లు దాటకుండా. స్టాండ్ పలక కూడా ఇంకా వెడల్పుగా, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేసి, రెండు స్క్రూల బదులు మూడు వేయమనండి. గ్రీన్ ట్రీ పైథాన్ అయితే పూర్తిగా వేరే పద్ధతి. అది ఏటవాలు కొమ్మ మీద ఉండదు, అడ్డంగా ఉన్న కొమ్మ మీద ఒంటిని రెండు వైపులా మడతలుగా వేలాడేసి రోజంతా కూర్చుంటుంది. దానికి వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో రెండు మూడు అడ్డ కొమ్మలు కావాలి. అవి కూడా గాజును పట్టుకుని కాకుండా, అడుగు నుంచి లేచిన నిలువు స్తంభాల మీదే ఉండాలి.